బరోలో కొండల్లో ఏ పనీ పెట్టుకోని సెలవులు

ఇటలీ అనగానే మనవాళ్ల టూరు ఒకటే మూస. రోమ్‌లో రెండు రాత్రులు, ఫ్లారెన్స్‌లో ఒకటి, పీసాలో ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో, వెనిస్‌లో పడవ, మిలాన్‌లో తిరుగు విమానం. మా ఆయన కూడా అలాంటిదే ఎక్సెల్ షీటులో వేసి పెట్టుకున్నారు, ఏ రైలు ఎన్నింటికో నిమిషాలతో సహా. దాన్ని కొట్టిపారేసింది మా తమ్ముడు. వాడు టూరిన్ పాలిటెక్నిక్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు.

"బావా, అవన్నీ యూట్యూబులో చూసుకోవచ్చు. అక్టోబరులో రండి, నేను సెలవు పెడతాను. లాంగె కొండల్లోకి తీసుకెళ్తాను. ఒక్క ఊళ్లోనే ఉందాం" అన్నాడు.

"అంత దూరం పోయి పల్లెటూళ్లో కూర్చోవాలా? దానికి మా పామర్రు చాలదూ?" అన్నారు ఈయన.

నేను తమ్ముడి పక్షాన చేరాను. అంతకుముందు ఇంకో దేశం ట్రావెల్స్ వాళ్లతో వెళ్లినప్పుడు, పొద్దున్నే ఆరింటికి సూట్‌కేసు లాబీలో పెట్టమనడం, బస్సులో నిద్ర, బాత్రూము క్యూ, ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ ఊరిదో గుర్తు రాకపోవడం ఇవే నాకు మిగిలాయి. ఇద్దరం ఒకవైపు ఉండేసరికి ఆయన తగ్గారు. షెంజెన్ వీసా కాగితాల తంతు అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను.

లాంగె అంటే వాయవ్య ఇటలీలో, టూరిన్‌కి దక్షిణంగా ఉండే కొండల సీమ. పియెమోంతె ప్రాంతంలోది. పెద్ద ఊరు ఆల్బా. కొండ కొండకీ ఒక కోటో చర్చి గోపురమో, దాని చుట్టూ ఎర్ర పెంకుల ఇళ్లు, కింద లోయ దాకా ద్రాక్షతోటలే. 2014లో యునెస్కో ఈ తోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అడవినో గుడినో కాదు, రైతులు సాగుచేసే పొలాల్నే చేర్చారన్నది నాకు నచ్చిన సంగతి. బరోలో అనే వైన్ పుట్టేది ఇక్కడే, భూమిలో పెరిగే ఖరీదైన శిలీంధ్రాలు, తెల్ల ట్రఫుల్స్ దొరికేదీ ఇక్కడే, మన పిల్లలు బ్రెడ్డుకి రాసుకునే నుటెల్లా 1964లో మొదలైందీ ఆల్బాలోనే.

మేం దిగింది లా మొర్రా ఊరికి కాస్త దిగువన, తోటల మధ్య ఒక రైతు ఇంట్లో. ఇలాంటి ఇళ్లని అక్కడ అగ్రితురిస్మో అంటారు. దీనికి 1985లో చట్టం చేశారు, 2006లో కొత్తది తెచ్చారు. రైతు అతిథుల్ని పెట్టుకోవచ్చు, భోజనం పెట్టి డబ్బు తీసుకోవచ్చు, కానీ అసలు పని వ్యవసాయమే అయ్యుండాలి, వడ్డించేదాంట్లో సొంత పొలానిదీ ఆ చుట్టుపక్కలదీ ఎక్కువ ఉండాలి. ఆ పేరు పెట్టుకుని ఈతకొలను తప్ప పొలం కనపడని చోట్లు కూడా ఉన్నాయిట. మావాడు వెతికిన పద్ధతి చెప్తే నవ్వొచ్చింది. ఫొటోల్లో ట్రాక్టరు ఉందా లేదా అని చూశాడు. మేం దిగిన ఇంట్లో రెండు ట్రాక్టర్లు ఉన్నాయి, వాటిలో ఒకటి నా కిటికీ కిందే స్టార్టయ్యేది.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే మా సెలవులు ఎలా గడిచాయన్నది చాలావరకు దీనిమీదే ఆధారపడింది. మన డ్రైవింగ్ లైసెన్సుని ఇటలీ మార్చి ఇవ్వదు. ఏడాది దాటి అక్కడ నివాసం ఉంటే మళ్లీ మొదటినుంచీ పరీక్షలు పాసవ్వాలి, అదీ ఇటాలియన్ భాషలో. మావాడు ఆ యజ్ఞం పూర్తిచేసి రెండేళ్లయింది. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకి మొదటి మూడేళ్లూ రక్తంలో ఆల్కహాలు సున్నా ఉండాలి. తక్కినవాళ్లకైతే లీటరుకి అర గ్రాము లోపు ఉండొచ్చు. అంటే ప్రపంచం నలుమూలలనుంచీ జనం వైన్ కోసం వచ్చే చోట వాడు కారు తీసిన రోజున చుక్క ముట్టడానికి లేదు. అందుకని వాడు పెట్టిన షరతు ఒకటే. వైన్ తాగే రోజున కారు తాళాలు బల్ల సొరుగులోంచి బయటికి రావు, కాళ్లు ఎంతదూరం తీసుకెళ్తే అంతే. ఆ షరతు వల్లే అసలైన తీరిక దొరికిందని నా నమ్మకం. కారుంటే రోజుకి నాలుగు ఊళ్లు చూసేవాళ్లం. నడకతో ఒక లోయ సరిపోయింది.

లా మొర్రా ఐదొందల మీటర్ల పైన ఉంటుంది. ఊరి చివర కోటగుట్ట మీద ఒక మైదానం, దానికి పిట్టగోడ. అక్కడ నిలబడితే బరోలో, కస్తిల్యోనె ఫల్లెత్తో, సెరాలుంగా అన్నీ వరసగా కనిపిస్తాయి. పొద్దున పూట లోయ నిండా మంచు, పైకి ఊళ్ల గోపురాలు మాత్రమే తేలి ఉంటాయి. మంచు విడిచిన రోజున పడమటి వైపు మోన్వీసో శిఖరం, 3,841 మీటర్లు, తెల్లగా నిలబడి ఉంటుంది. ఉత్తర ఇటలీలో చాలా భాగానికి నీళ్లిచ్చే పో నది పుట్టేది ఆ కొండ కిందే. ఆ గోడ దగ్గర ఒక కాఫీ బారు. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. కాపుచినో పొద్దున్నే తాగేది, భోజనం తరవాత అడిగితే ఇస్తారు గానీ మనవైపు జాలిగా చూస్తారు.

అక్కడి పల్లె గడియారానికి అలవాటు పడటమే మాకు మొదట్లో కష్టమైంది. భోజనం హోటళ్లు పన్నెండున్నరకి తెరిచి రెండున్నరకి వంటింటి పొయ్యి ఆర్పేస్తారు. మళ్లీ ఏడున్నరకి గానీ తలుపు తియ్యరు. కిరాణా కొట్టు ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూత. మన ఇళ్లల్లో సెలవురోజు భోజనం అంటే రెండున్నరకి మొదలెట్టి మూడున్నరకి ముగించేది కదా. ఇక్కడ మూడున్నరకి ఆకలేస్తే అరటిపండే దిక్కు. వారానికి ఒకటి రెండు రోజులు హోటలు మూత, అది ఆదివారం మాత్రం కాదు, మంగళవారమో బుధవారమో. బిల్లులో కోపెర్తో అని తలకి రెండు మూడు యూరోలు వేస్తారు, కూర్చున్నందుకూ బ్రెడ్డుకూ అన్నమాట. టిప్పు ఇవ్వకపోయినా ఎవరూ మొహం మాడ్చుకోరు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక నాలుగింటి దాకా ఊళ్లో కుక్క కూడా కదలదు. మా ఆయన మొదట్లో ఆ వేళలో ఫోను పట్టుకుని "ఇప్పుడేం చేద్దాం?" అని తిరిగేవారు. తరవాత తరవాత అంజూరపు చెట్టు కింద కుర్చీ వాల్చి కళ్లు మూసుకోవడం నేర్చుకున్నారు. ఆయన గురక విని ఇంటావిడ కిటికీలోంచి తొంగి చూసి మెచ్చుకోలుగా తలూపింది.

వైన్ సంగతికొస్తాను. మా ఇంట్లో ఆడవాళ్లు తాగడం అనే ప్రసక్తే ఉండేది కాదు. పెళ్లయ్యాక ఎప్పుడో ఒకటి రెండుసార్లు రుచి చూశానేమో. ఇప్పుడు తమ్ముడి ఎదురుగా గ్లాసు పట్టుకోవాలంటే చెయ్యి రాలేదు. వాడు చిన్నప్పుడు నేను అన్నం కలిపి పెట్టిన వెధవ. "ఒరేయ్, అమ్మకి చెప్పావంటే చూడు" అన్నాను. "నువ్వు నా గురించి చెప్పకపోతే సరి" అన్నాడు. ఒప్పందం కుదిరింది.

లా మొర్రా నుంచి బరోలో ఊరికి తోటల మధ్యనుంచి కాలిబాట ఉంది. దారిలో బ్రునాతె అనే కొండవాలు మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల చిన్న చర్చి కనిపిస్తుంది. నిజానికి అది చర్చిగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. 1914లో వడగళ్లవాన వస్తే పొలంలో పనిచేసేవాళ్లు తలదాచుకోవడానికి కట్టారు. పాడుబడి ఉంటే 1999లో సోల్ లెవిట్ అనే అమెరికన్ చిత్రకారుడు బయటి గోడలకి, డేవిడ్ ట్రెమ్లెట్ అనే బ్రిటిష్ ఆయన లోపల రంగులు వేశారు. అంత సాదా పల్లెలో ఆ రంగులు నప్పలేదని నాకనిపించింది. మావాడు ఒప్పుకోడు.

అక్కడికి దిగువన వైన్ చేసేవాళ్ల చిన్న నేలమాళిగ ఒకటుంది. ముందే మెయిలు పెట్టుకుని వెళ్లాం, చెప్పకుండా వెళ్తే చాలాచోట్ల తలుపు తియ్యరు. కోతల రోజులు కావడంతో ఆ ఇంటి అబ్బాయి రబ్బరు బూట్లతో, చేతులు ఊదారంగులో మునిగి వచ్చాడు. లోపల నిలువెత్తు ఓక్ పీపాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో రాసిన సంవత్సరం. బరోలో అనిపించుకోవాలంటే నెబియోలో ద్రాక్ష తప్ప ఇంకోటి కలపకూడదు. కోత కోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కేసి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కపీపాలో ఉండాలి. సీసా మీద రిజెర్వా అని రాయాలంటే 62 నెలలు. మేం చూస్తుండగా తొట్టిలో పోస్తున్న పండు వైన్ అయి అంగడికి వచ్చేసరికి మూడేళ్లు దాటుతుంది. "అప్పటిదాకా డబ్బులెలా?" అన్నారు మా ఆయన. అందుకే పక్కన దొల్చెత్తో, బార్బెరా అనే వేరే ద్రాక్షలు వేస్తారట. అవి త్వరగా అమ్ముడైపోతాయి, ఇంట్లో రోజూ తాగేదీ అవే.

ఈ పీపాల వెనక పెద్ద తగాదాయే నడిచింది. పాత పద్ధతిలో పెద్ద పీపాల్లో ఏళ్లతరబడి ఉంచేవాళ్లు. 1980లలో కొందరు కుర్రాళ్లు ఫ్రాన్సు వెళ్లి చూసొచ్చి, చిన్న కొత్త పీపాలు తెచ్చారు. ఎలియో అల్తారె అనే ఆయన తండ్రి వాడే పాత పీపాల్ని రంపపు మిషనుతో కోసేశాడు, తండ్రి ఆస్తి లేకుండా చేశాడు. అది ఈ ఊరి కథే. మాకు చూపించిన అబ్బాయి వాళ్ల నాన్న పెద్ద పీపాల వైపు, ఇతను రెండూ వాడతానన్నాడు. గొడవ చల్లబడిందన్నమాట.

ముందు దొల్చెత్తో పోశాడు. ముదురు ఊదా, తేలిగ్గా దిగింది. తరవాత బార్బెరా, పులుపు. ఆ తరవాత బరోలో. "ఇదేంటి, ఇంత పలచటి రంగు? నీళ్లు కలిపారా?" అని మా ఆయన తెలుగులో అనుమానించారు. నెబియోలోకి రంగు తక్కువ, వగరు ఎక్కువ. ఎండిన గులాబీ రేకుల వాసన ముందు వచ్చింది, బాగుందే అనుకుంటూ గుక్క వేశాను. నేరేడుపళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు పట్టేసింది. నా మొహం చూసి ఆ అబ్బాయి నవ్వి, ఏం మాట్లాడకుండా లోపలికెళ్లి జున్ను (చీజు) ముక్కలూ, గ్రిసీని అనే సన్నటి కరకరలాడే పుల్లలూ తెచ్చాడు. జున్ను నమిలి మళ్లీ గుక్క వేస్తే ఆ వగరంతా ఎటుపోయిందో. కొవ్వు ఉన్న తిండి పక్కన లేకుండా ఈ వైన్ తాగడం దండగ.

"అక్కా, మింగకుండా ఉమ్మెయ్యొచ్చు, ఇదిగో బకెట్టు" అన్నాడు తమ్ముడు. "ఇంత డబ్బు పెట్టి ఉమ్మడమేంట్రా?" అన్నాను. ఆ రోజు తిరుగుదారి అంతా ఎత్తు. పాడుకుంటూ ఎక్కానని వీళ్లిద్దరూ అంటారు, నేను ఒప్పుకోను.

ఆ నేలమాళిగలోంచి బయల్దేరేముందు మా ఆయన ఆ అబ్బాయిని అడగాల్సింది అడిగారు. కృష్ణా జిల్లావాడు పొలం చూస్తే ఏమడుగుతాడు? "ఎకరం ఎంతుంటుంది?" మంచి కొండ మీదైతే హెక్టారు ఇరవై లక్షల యూరోలు దాటుతుందన్నాడు. మా ఆయన నోటిలెక్క వేసి, ఎకరం ఏడెనిమిది కోట్లు అని తేల్చి, ఆ తోట వైపు భక్తిగా చూశారు. కానీ ఆ అబ్బాయి తాతల కాలంలో ఈ కొండలు నిరుపేదవి. యుద్ధం తరవాత కుర్రకారంతా టూరిన్ కార్ల ఫ్యాక్టరీకి పోయారు. ఆల్బాలో నుటెల్లా చేసే ఫెర్రేరో కంపెనీ మాత్రం ఊరూరికీ బస్సులు పంపి, కూలివాళ్లని పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపేది. జనం ఊళ్లు వదలకుండా, ఉన్న కాస్త పొలం అమ్ముకోకుండా ఉండటానికి అదీ ఒక కారణం. అక్కడి హేజెల్‌నట్ తోటలకి గిరాకీ కూడా ఆ చాక్లెట్ వల్లే. ఇప్పుడు కోతలకి ఊరివాళ్లు చాలరు, మాసిడోనియా నుంచీ ఆఫ్రికా నుంచీ వచ్చినవాళ్లు కోస్తున్నారు. వరసల మధ్య వంగి, చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో గుత్తులు నింపుతున్న వాళ్లని దాటుకుంటూ చేతులూపుకుంటూ పోవడం నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. అందమైన ఫొటోల్లో వాళ్లుండరు.

తిండి విషయంలో మాకు ఒక పేచీ ఉంది. మా ఆయన గుడ్డు తింటారు, మాంసం, చేప ముట్టరు. పియెమోంతె భోజనం చూస్తే పచ్చి గొడ్డుమాంసం సన్నగా తరిగినది, దూడమాంసం మీద ట్యూనా చేప సాసు, మాంసం కూరిన ప్లిన్ అనే చిన్న పాస్తా. శాకాహారం అంటే ఎర్ర మాంసం లేకపోతే చాలనుకునేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. అన్నిటికంటే ప్రమాదం ఆంచొవీ చేప. సముద్రం లేని చోట ఈ చేప ఎందుకంటే, వెనకటికి లిగూరియా తీరంనుంచి ఉప్పు తెచ్చే దారుల్లో ఉప్పుచేపా వచ్చింది. ఇప్పుడది మిరపకాయల మీద, ఆకుకూర మీద, వెల్లుల్లీ నూనెతో ఉడికించే బాన్యా కౌదాలో, ఎక్కడపడితే అక్కడ కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. మావాడు ఆయనకి మూడు ముక్కలు బట్టీ పట్టించాడు: "నియెంతె కార్నె, నియెంతె పేషె, నియెంతె అచ్చూగె." మాంసం వద్దు, చేప వద్దు, ఆంచొవీ వద్దు. హోటల్లో కుర్చీలో కూర్చోకముందే ఆయన ఈ మంత్రం చదివేవారు. దానికి నేను ఇంకోటి కలుపుతాను, సూపులో మాంసం ఉడికించిన నీళ్లు ఉంటాయి, అదీ అడగాలి. పన్నకోతా అనే మీగడ తీపిలో జంతువులనుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. పర్మిజానో లాంటి జున్నుల్లో పాలు విరగడానికి వాడేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థం. ఈ చివరిది తమ్ముడు చెప్పినప్పుడు ఆయన చేతిలో జున్నుముక్క సగం కొరికి ఉంది. కాసేపు ఆలోచించి మిగతా సగం నోట్లో వేసుకుని, "మా అమ్మకి చెప్పకండి" అన్నారు. ఒప్పందంలో ఆయనా చేరారు.

ఇన్ని అడ్డంకులున్నా ఆయన పస్తులేం ఉండలేదు. ఆ ఇంటావిడ అత్తగారు, ఎనభై దాటిన మనిషి, అందరూ నొన్నా (నానమ్మ) అంటారు, ఆయన తిండిని సవాలుగా తీసుకుంది. రికోటా జున్ను కూరి ప్లిన్ చేసింది. గుమ్మడికాయ ఉడికించి, కాల్చిన క్యాప్సికంతో వడ్డించింది. ద్రాక్షరసం గంటల తరబడి మరిగించి బేరిపళ్లు, క్విన్స్ పళ్లు, హేజెల్‌నట్లు వేసి చిక్కగా చేసే కుఞా అనే పదార్థాన్ని మేకపాల రొబియోలా జున్ను పక్కన పెట్టింది. తియ్యగా, పుల్లగా, కాస్త వగరుగా ఉండే ఆ కుఞాని మా ఆయన చెంచాతో జున్ను లేకుండానే ఖాళీ చేస్తుంటే పెద్దావిడ సీసా ఆయన ముందు పెట్టేసి వెళ్లిపోయింది.

ఒకరోజు ఆవిడ తయారిన్ చేస్తుంటే నేనూ పక్కన చేరాను. సన్నటి దారాల్లాంటి పాస్తా అది. కిలో మైదాకి ముప్ఫై గుడ్ల పచ్చసొన. నీళ్లు లేవు. చెక్కబల్ల మీద పిండి గుట్టపోసి, మధ్యలో గుంట చేసి, సొనలన్నీ అందులో వేసింది. ఫోర్కుతో సొనలు చిదిపి, అంచులనుంచి పిండి కొద్దికొద్దిగా లోపలికి లాగుతూ కలిపింది. తరవాత అరచేతి మడమతో నెట్టి, మడిచి, పావుతిరుగుడు తిప్పి, మళ్లీ నెట్టి. పావుగంట. నేను చేసినప్పుడు పిండి రాయిలా ఉండిపోయింది, ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి జరిపి, బలం భుజంలోంచి రావాలని సైగ చేసింది. కాసేపు మూతపెట్టి ఉంచాక, పొడుగాటి కర్రతో కింద బల్ల గీతలు కనపడేంత పలచగా వత్తింది. ఆ పొరని కొంచెం ఆరనిచ్చి, పిండి చల్లి, వదులుగా చుట్టి, వెడల్పాటి కత్తితో రెండు మిల్లీమీటర్ల ముక్కలు. ఎడమచేతి వేళ్ల కణుపులు వెనక్కి జరుగుతుంటే కత్తి వాటిని అంటుకుని వెళ్తుంది, ఆవిడ బల్లవైపు చూడను కూడా చూడదు, మనవడితో ఏదో పోట్లాడుతోంది. కోసినవాటిని వేళ్లతో ఎగరేసి విడదీసి పళ్లెంలో పరిచింది. నావి వెడల్పుగా వచ్చాయి. వాటికి ఇంకో పేరుందని చెప్పి అందరూ నవ్వారు. మరిగే నీళ్లలో రెండు నిమిషాలు, వెన్నలో వేగిన సేజ్ ఆకులు, అంతే. మిగిలిన తెల్లసొన పారబొయ్యలేదు, హేజెల్‌నట్ పొడి కలిపి బిస్కెట్లు చేసింది.

ట్రఫుల్ వేటకి కూడా వెళ్లాం. ఓక్, పోప్లార్, లిండెన్ లాంటి చెట్ల వేళ్లతో కలిసి భూమిలో పెరిగే శిలీంధ్రం ఇది. విత్తితే మొలిచేది కాదు, తెల్లరకాన్ని సాగుచెయ్యడం మరీ కష్టం. కుక్క వాసన పడితేనే దొరుకుతుంది. పందుల్ని వాడటం ఇటలీలో 1985 నుంచి నిషేధం, నేలంతా దున్నిపారేస్తాయని. పక్కనే రొద్ది అనే ఊళ్లో ఈ కుక్కలకి శిక్షణనిచ్చే బడి తరతరాలుగా ఉంది. నిజమైన వేటగాళ్లు రాత్రిపూట వెళ్తారు, తమ చెట్టు ఇంకొకరికి తెలియకుండా. మాలాంటివాళ్లకి పగలు చూపిస్తారు, కాబట్టి ఇందులో కొంత నాటకం ఉందని ముందే అనుకుని వెళ్లాం. అయినా ఆ కుక్క ముక్కు నేలకానించి ఒక్కసారిగా ఆగి, రెండు కాళ్లతో తవ్వడం మొదలెట్టినప్పుడు మా ముగ్గురికీ ఊపిరి ఆగింది. వేటగాడు కుక్కని పక్కకి లాగి బిస్కెట్టు నోట్లో పెట్టి, చిన్న పారతో చుట్టూ మట్టి తొలిచి, గోళీకంటే కాస్త పెద్దది తీశాడు. తీసిన గుంటని వెంటనే పూడ్చాడు, చట్టం కూడా అదే చెప్తుంది. వెల్లుల్లి, తేనె, తడిమట్టి కలిసిన వాసన. ఇలా వెతికే విద్యని 2021లో యునెస్కో గుర్తించింది.

విచిత్రం ఏమిటంటే, ఆ ప్రాంతంలో అన్నిటికంటే ఖరీదైన తిండి మా ఆయనకి చక్కగా సరిపోయింది. తెల్ల ట్రఫుల్ వండరు, వేడి తగిలితే వాసన పోతుంది. వేయించిన గుడ్ల మీదో తయారిన్ మీదో పచ్చిగా తురుముతారు. హోటల్లో ముందు దాన్ని చిన్న త్రాసులో తూచి చూపించారు, మా పళ్లాల మీద పలచటి పొరలుగా తురిమి, మళ్లీ తూచారు. తేడాకి బిల్లు. గ్రాము నాలుగు యూరోల పైన పడింది. మా ఆయన త్రాసు అంకెలవైపే చూస్తూ "చాలు చాలు" అన్నారు. తమ్ముడు "ఇంకొంచెం" అన్నాడు. గుడ్డు మీద తురిమిందే నాకు నచ్చింది, దాని కింద వేరే హంగులేవీ అక్కర్లేదు.

ఇంత నిదానం, ఇంత పట్టింపు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, ఇంటాయన 1986 గురించి చెప్పాడు. ఆ ఏడు చవక వైన్‌లో మిథనాల్ కలిపి అమ్మారు. ఇరవైమందికి పైగా చనిపోయారు, కొందరి చూపు పోయింది. కల్తీసారా చావుల వార్తలు చదువుతూ పెరిగిన మాకు అది కొత్తగా అనిపించలేదు. ఇటలీ వైన్ అంటేనే బయటి దేశాలు భయపడ్డాయి, ఎగుమతులు పడిపోయాయి, దానితో ఎక్కువ తియ్యడం మాని మంచిది తియ్యాలన్న పట్టుదల వచ్చిందన్నాడు. అదే ఏడు రోమ్‌లో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ తెరిస్తే గొడవ చేసినవాళ్లలో కార్లో పెత్రీని ఒకడు. ఆయన ఊరు ఇక్కడికి దగ్గర్లోని బ్రా. హడావుడి తిండికి ఎదురుగా స్థానిక వంటని నిలబెట్టే స్లో ఫుడ్ ఉద్యమం అక్కడే పుట్టింది, 1989లో పారిస్‌లో ప్రపంచవ్యాప్త సంఘమైంది. 2004లో పక్కనే పొల్లెంత్సోలో తిండి మీదే ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. మేం బ్రా వెళ్లింది కారులో, అంటే ఆ రోజు వైన్ లేదు. జున్ను కొని తెచ్చుకున్నాం.

వాన కురిసిన రోజులు కూడా ఉన్నాయి. నేను కిటికీ దగ్గర కూర్చుని స్వెటరు అల్లాను, కాలేజీ రోజుల తరవాత మళ్లీ ఇప్పుడే. మా ఆయన ఇంటాయనతో పేకాట నేర్చుకున్నారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, అయినా ఆటలో మోసం చేశారని ఒకరినొకరు ఆరోపించుకునేదాకా వెళ్లింది.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. ట్రఫుల్ కోసమైతే అక్టోబరు, నవంబరు. ఆల్బాలో అప్పుడు శనాదివారాలు ట్రఫుల్ సంత, గదుల ధరలు మండిపోతాయి, నెలల ముందే పట్టుకోవాలి. వైన్ పెద్దగా ఇష్టపడనివాళ్లు మొస్కాతో దాస్తి అడగండి, తియ్యగా, నురగతో, ఆల్కహాలు ఐదు శాతం చుట్టూ ఉంటుంది, హేజెల్‌నట్ కేకుతో బాగుంటుంది. మద్యం తలకి రెండు లీటర్లు సుంకం లేకుండా మన దేశంలోకి తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. పెట్టెలో స్వెటర్ల మధ్య చుట్టి పెట్టండి. కారు లేకపోయినా ఆల్బా దాకా టూరిన్ నుంచి రైలుంది, అక్కడినుంచి కొండల మీదికి బస్సులు తక్కువ, కాబట్టి మీరు దిగే ఇంటివాళ్లని ఎక్కించుకోవడానికి వస్తారేమో ముందే అడగండి. జనవరి, ఫిబ్రవరి మాత్రం వద్దు. హోటళ్లు చాలావరకు మూసేసి, వాళ్లు కూడా సెలవులకి పోతారు.